బ్యాంకాక్‌లో ఒక పూట, ఒక చెమట చుక్క

ఎండ గురించి బెజవాడ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదని నా నమ్మకం. రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి, బెంజి సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడి బతికి బట్టకట్టినదాన్ని. అందుకే ఏప్రిల్ చివర్లో బ్యాంకాక్ వెళ్తున్నామంటే చుట్టాలందరూ "ఈ ఎండల్లో ఎందుకే" అంటుంటే నవ్వుకున్నాను. అక్కడ 36 డిగ్రీలట. 44 చూసిన ఒళ్ళిది.

విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే లెక్క తప్పిందని అర్థమైంది. మన ఎండ కాలుస్తుంది. వాళ్ళ ఎండ ఉడకబెడుతుంది. మన దగ్గర పట్టిన చెమట ఏ చెట్టు నీడకో చేరేసరికి ఆరిపోతుంది. అక్కడ ఆరదు, గాలి నిండా తడే. ఆవిరి మీద ఇడ్లీకి ఎలా ఉంటుందో నాకు ఆ అయిదు రోజుల్లో బాగా తెలిసింది.

మేం ముగ్గురం వెళ్ళాం. నేను, 67 ఏళ్ళ అమ్మ, ఆరో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లోకి వచ్చిన మా వాడు. ఏజెంటు దగ్గర తీసుకున్న ప్యాకేజీ కాగితంలో నాలుగో రోజు దగ్గర 'హాఫ్ డే సిటీ టూర్, ఎస్ఐసి బేసిస్' అని ఉంది. ఆ మూడక్షరాలకి అర్థం నేను ముందు రోజు రాత్రి హోటల్ గదిలో కూర్చుని వెతుక్కున్నాను. సీట్ ఇన్ కోచ్. మన భాషలో చెప్పాలంటే షేర్ ఆటో. బండి మనది కాదు, అందులో మూడు సీట్లు మనవి. మనకోసం బండి ఆగదు, మనం మాత్రం అందరికోసం ఆగాలి.

అదే రాత్రి ఇంకో సంగతి కూడా బయటపడింది. బ్యాంకాక్ అనగానే అందరూ ఫొటోల్లో చూపించే గ్రాండ్ ప్యాలెస్ ఈ టూర్‌లో లేదు. ఏజెంటుకి వాట్సాప్ చేస్తే, "అది వేరే టూర్ మేడమ్, టికెట్టే మనిషికి 500 బాత్" అని జవాబు వచ్చింది. కాగితం మళ్ళీ చదివాను. గోల్డెన్ బుద్ధ, రిక్లైనింగ్ బుద్ధ, ఆ తర్వాత 'విజిట్ టు జెమ్స్ ఫ్యాక్టరీ'. మూడోది చూసి అమ్మ, "రాళ్ళ ఫ్యాక్టరీ మనకెందుకే?" అంది. నాకూ అప్పుడు తెలియలేదు.

ఉదయం ఎనిమిదింటికి కింద లాబీలో ఉండమన్నారు. ఏడూ యాభైకే ఉన్నాం. బండి ఎనిమిదిన్నరకి వచ్చింది. ఎక్కాక ఇంకో మూడు హోటళ్ళు తిరిగి రాజ్‌కోట్ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని, చెన్నై కుర్రాళ్ళు ఇద్దరిని ఎక్కించుకునేసరికి తొమ్మిదింబావు. మేం ఉన్నది ప్రతూనాం వైపు, మొత్తం బట్టల హోల్‌సేల్ దుకాణాలే. ఆ వీధుల్లో మా వ్యాన్ కంటే తోపుడు బండ్లే ముందుకి పోతున్నాయి. సగం రోజు టూర్ అంటే సగం రోజు చూడటం అనుకుని వెళ్ళొద్దు. మా అయిదు గంటల్లో చూసింది రెండు గంటలు. మిగతాదంతా ఎక్కించుకోవడం, సిగ్నళ్ళు, ఆ మూడో చోటు.

గైడ్ యాభై దాటినావిడ. మెడలో లైసెన్స్ కార్డు, చేతిలో గులాబీ రంగు గొడుగు. థాయ్‌లాండ్‌లో గైడ్ పని ఆ దేశస్థులే చేయాలని చట్టం ఉందట, ఆవిడే చెప్పింది. ఇంగ్లీషు మధ్యలో హిందీ ముక్కలు దొర్లిస్తుంది. "ఇండియన్ గ్రూప్ నాకు ట్వెల్వ్ ఇయర్స్. జల్దీ జల్దీ, పానీ పియో, నో పానీ, హాస్పిటల్!" ఎక్కగానే అందరికీ తలా ఒక చల్లని తడి టవల్ ఇచ్చింది. అమ్మ దాన్ని మొహానికి పెట్టుకుని ఒక నిమిషం పాటు తీయలేదు. ఆ నిమిషంలోనే ఆవిడ మా అమ్మకి నచ్చేసింది. అప్పటినుంచి మాకు ఆవిడ గైడమ్మ.

ఒక పెద్ద కూడలిలో సిగ్నల్ పడింది. ఎర్ర అంకె వందకి పైనుంచి తగ్గుకుంటూ వస్తోంది. ఖాళీగా ఉండటం ఎందుకనుకుందో ఏమో, గైడమ్మ మైకు తీసుకుని ఊరి అసలు పేరు చెబుతానంది. బ్యాంకాక్ అనేది బయటివాళ్ళ పిలుపు. వాళ్ళు 'క్రుంగ్ థెప్' అంటారు, దేవతల నగరమని. అది మొదటి ముక్క మాత్రమే. పూర్తి పేరు ప్రపంచంలోని ఊళ్ళ పేర్లలో అతి పొడవైనది. అక్కడి పిల్లలు పాటలా నేర్చుకుంటారట. ఆవిడా పాటలాగే అందుకుంది. క్రుంగ్ థెప్ మహానఖోన్, అమోన్ రత్తనకోసిన్, మహింథర అయుత్థయా... అమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. "మహానగరం అంటోందే. రత్నం అంటోంది. మహేంద్రుడు, అయోధ్య..." ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. చివర్లో 'విత్సనుకం' అనగానే ఆగి, "విశ్వకర్మా?" అని నన్ను అడిగింది. నేను గైడమ్మని అడిగాను. అవునంది. ఇంద్రుడు ఇచ్చిన, విశ్వకర్మ కట్టిన నగరమని అర్థమట. పచ్చ లైటు పడింది, మా ముందు బస్సు కదల్లేదు, మళ్ళీ ఎరుపు.

మొదటి గుడి వాట్ త్రైమిత్, చైనాటౌన్ మొదట్లో. నాలుగంతస్తుల పాలరాతి మండపం, పైకి మెట్లు. అమ్మ మోకాళ్ళ గురించి నాకు టెన్షన్. ఆవిడ మాత్రం తిరుమల మెట్లకి లేని భయం దీనికెందుకని ఒక్కో మెట్టూ ఎక్కేసింది. పైన చెప్పులు వదలాలి. పొద్దున పదింటికే ఆ రాయి పెనంలా ఉంది. మా వాడు గంతులేసుకుంటూ లోపలికి పరుగెత్తాడు.

లోపల దాదాపు మూడు మీటర్ల ఎత్తున బుద్ధుడు, బరువు 5.5 టన్నులు. రేకు కాదు, పూత కాదు, విగ్రహమే బంగారం. కథ అక్కడున్న వాళ్ళందరికీ తెలిసిందే కానీ గైడమ్మ చెప్పిన తీరు బాగుంది. చాలా ఏళ్ళ పాటు ఇది బంగారమని ఎవరికీ తెలియదు. శత్రువుల కంట పడకూడదని ఎప్పుడో ఎవరో పైన సున్నం మెత్తి, రంగు గాజుముక్కలు అతికించారు. ఎందుకు మెత్తారో తెలిసినవాళ్ళు పోయారు. ఈ గుడికి తెచ్చాక కూడా ఇరవై ఏళ్ళు రేకుల పందిరి కింద పడి ఉంది. 1955లో కొత్త మందిరంలోకి ఎత్తుతుంటే తాళ్ళు తెగి కింద పడింది, పెచ్చు ఊడింది, లోపల మెరిసింది. "ఫస్ట్ డే ఎవ్రీబడీ యాంగ్రీ, హూ డ్రాప్ బుద్ధా! సెకండ్ డే ఎవ్రీబడీ హ్యాపీ." రాజ్‌కోట్ పెద్దాయన వెంటనే ఫోన్ తీసి ఆ రోజు బంగారం ధరతో గుణించడం మొదలుపెట్టాడు. నేనూ మనసులో గుణించానని ఒప్పుకోవాలి.

పావుగంటలో గొడుగు పైకి లేచింది. దిగి వ్యాన్ ఎక్కేసరికి ఏసీ చలికి అమ్మ కళ్ళద్దాల మీద పొగ కమ్మింది. బయట ఉడకడం, లోపల వణకడం. ఆ పూట ఇది ఆరుసార్లు జరిగింది, మర్నాడు మా వాడికి జలుబు చేసింది. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒక పల్చటి శాలువా పెట్టుకోండి. నవ్వు వస్తుంది కానీ పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా. నేను ఇంటి నుంచి పది తీసుకెళ్ళాను, అయిదు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. అక్కడ వీధికో సెవెన్ ఎలెవెన్ కొట్టు, చల్లటి డ్రింకులకి లోటు లేదు. ఉప్పేసిన మజ్జిగ ఒక్కటే ఎక్కడా దొరకలేదు.

రెండో గుడి, పడుకున్న బుద్ధుడు ఉండే వాట్ ఫోకి వచ్చేసరికి పదకొండు దగ్గర పడింది. ఇక్కడ టికెట్ మన జేబులోంచే, 300 బాత్. ఏజెంటు 'ఆల్ ఇంక్లూజివ్' అన్నది ఈ గేటు దగ్గర ఆగిపోయింది. టికెట్‌తో ఒక చల్లటి నీళ్ళ సీసా ఉచితం, చీటీ చింపి పారేయకుండా లోపల కౌంటర్లో ఇస్తే ఇస్తారు. మా చెన్నై కుర్రాళ్ళు చింపేశారు. వాళ్ళలో ఒకడు నిక్కర్లో వచ్చి, కట్టుకోవడానికి గుడ్డ కోసం తిప్పలు పడ్డాడు. అమ్మ చీరకి ఆ రోజంతా ఏ గుడిలోనూ అడ్డు లేదు. "చూశావా" అన్నట్టు నా పంజాబీ డ్రెస్ వైపో చూపు చూసింది.

పడుకున్న బుద్ధుడి మందిరంలోకి వెళ్ళగానే నాకు విగ్రహం కనపడలేదు. స్తంభాల మధ్య బంగారు గోడ ఉందనుకున్నాను. తల పైకెత్తితే అది భుజం. 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. ఎంత వెనక్కి జరిగినా మొత్తం ఒకేసారి కంటికి ఆనదు, వెనక గోడ ఉంది. మా వైపు పడుకున్న స్వామి అంటే ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభుడే. అమ్మ చెంపలేసుకుని, "మన ఉండవల్లి స్వామి ఈయన పక్కన పసిబిడ్డ" అంది. కానీ ఇది యోగనిద్ర కాదు, నిర్యాణ సమయం. కుడివైపు ఒరిగి, తల చేతి మీద ఆనించి, చిరునవ్వుతో. అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభ చిహ్నాలు. లోపల ఇటుక, పైన గచ్చు, ఆపైన బంగారు రేకు. గైడమ్మ ఇది చెబుతుంటే మా వాడు, "అమ్మా, పొద్దున చూసినదానికి రివర్స్ కదా, దానికి పైన గచ్చు, లోపల బంగారం" అన్నాడు. వాడు వింటున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

వీపు వైపు గోడ పొడవునా 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. ఇరవై బాత్‌లిస్తే ఒక గిన్నెడు చిల్లర ఇస్తారు, ఒక్కో దాంట్లో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్ళాలి. మందిరమంతా ఆ టింగు టింగుమనే చప్పుడే. నూట ఎనిమిది అనగానే అమ్మ అష్టోత్తరం మొదలుపెట్టింది. నాణేనికో నామం, వేంకటేశ్వరస్వామిది. బుద్ధుడి దగ్గర వేంకటేశ్వరుడేమిటని నేను అడగలేదు. దశావతారాల్లో బుద్ధుణ్ణి కలుపుకున్న వాళ్ళం, ఆవిడ జవాబు నాకు తెలుసు. తొంభై దాటాక చిల్లర అయిపోయింది. అమ్మ అక్కడే ఆగిపోయింది. ముందుకి వెళ్ళదు, వెనక్కి రాదు, నామం సగంలో ఉంది. వెనకాల వస్తున్న రాజ్‌కోట్ ఆవిడ ఏమీ అడక్కుండా తన గిన్నెలోంచి గుప్పెడు నాణేలు అమ్మ దోసిట్లో పోసింది. అష్టోత్తరం పూర్తయింది. ఆవిడకి చివర్లో తక్కువ పడ్డాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు.

బయటికి వస్తూ ప్రధాన మందిరం చుట్టూ గోడలో అమర్చిన పాలరాతి ఫలకాల ముందు అమ్మ మళ్ళీ ఆగింది. ఒకదాంట్లో తోకా, కిరీటం. "హనుమంతుడు కదూ?" వాళ్ళ రామాయణం పేరు రామకియెన్. ఆ ఫలకాలు మొత్తం 152. రాముడు ఫ్రా రామ్, లక్ష్మణుడు ఫ్రా లక్, దశకంఠుడు తొత్సకన్. గైడమ్మ గొడుగు అప్పటికే గేటు దగ్గర ఉంది. నేను అమ్మని లాగుతున్నాను. "అన్నీ చూడనీయవేం, రాముణ్ణి చూస్తుంటే కూడా తొందరేనా" అని కోప్పడింది. గైడమ్మ వెనక్కి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "మమ్మీ, నౌ నో టైమ్. నెక్స్ట్ ప్లేస్ వెరీ లాంగ్ టైమ్. ఐ టెల్ స్టోరీ."

నెక్స్ట్ ప్లేస్ ఆ రాళ్ళ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే గనుల బొమ్మలు చూపించే పది నిమిషాల చీకటి గది, ఆ తర్వాత ఫంక్షన్ హాలంత నగల దుకాణం. కెంపులు, నీలాలు. కౌంటర్లో అమ్మాయి హిందీలో మొదలుపెట్టి, మేం మాట్లాడుకున్నది విని, "బాగున్నారా అమ్మా, రండి" అని తెలుగులోకి దిగింది. చల్లని జ్యూస్ చేతికిచ్చారు. బయట పన్నెండు గంటల ఎండ. ఆ ఎండే వాళ్ళకి పెద్ద సేల్స్‌మన్, ఎవరికీ బయటికి పోవాలని లేదు. నేను ఒక చెవిపోగుల జత చూసి, రాయి మంచిదో కాదో తేల్చే తెలివి నాకు లేదని గుర్తు తెచ్చుకుని, పెట్టేశాను. ఆ మాత్రం తెలివి ఉండటం అదృష్టం.

మేం సోఫాలో కూర్చుంటే గైడమ్మ వచ్చి గొంతు తగ్గించి ఉన్నమాట చెప్పింది. ఇక్కడ గంట కూర్చోవాలి, చీటీ మీద స్టాంపు పడాలి, దుకాణం కంపెనీకి డబ్బులిస్తుంది, అందుకే టూర్ చవక. "నో బై, నో ప్రాబ్లం. బట్ వన్ అవర్ సిట్." పన్నెండేళ్ళుగా రోజూ ఈ గంట కూర్చుంటోంది ఆవిడ. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఏజెంటు మీద మాత్రం వచ్చింది. ఆ ఒక్క వాక్యం అతను ముందే చెప్పి ఉంటే ఇంకో రెండు వందల బాత్‌లు పోసి దుకాణం లేని టూరే తీసుకునేదాన్ని కదా అని.

కానీ ఆ టూర్ తీసుకుని ఉంటే ఈ కథ దొరికేది కాదు.

గైడమ్మ ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. తెల్లటి హనుమంతుడు, ఎదురుగా బంగారు చేప తోక ఉన్న అమ్మాయి. సువణ్ణ మచ్ఛా. సువర్ణ మత్స్యం. రావణుడి కూతురట. వారధి కడుతుంటే తన చేపలతో రాళ్ళన్నీ ఎత్తుకుపోయిందట. ఎవరా అని హనుమంతుడు నీళ్ళలో దూకాడట. దూకి... "హనుమాన్ వెరీ హ్యాండ్సమ్. శీ లుక్, హీ లుక్. లవ్!"

దీన్ని అమ్మకి ఎలా చెప్పాలో తెలియక నేను నసిగాను. మా వాడు నసగలేదు. "అమ్మమ్మా, ఇక్కడ హనుమంతుడికి గర్ల్‌ఫ్రెండ్ ఉందట." అమ్మ మొహం చూడాలి. బ్రహ్మచారికి అదేం మాటని గైడమ్మనే నిలదీసింది, తెలుగులో. గైడమ్మకి భాష అర్థం కాకపోయినా ఫిర్యాదు అర్థమైంది. చేతులు జోడించి, కొడుకు కూడా ఉన్నాడంది. పేరు మచ్ఛాను. సగం కోతి, సగం చేప. పాతాళంలో మైయరాప్ రాజ్యానికి కాపలా.

అమ్మ సోఫాలో ముందుకి జరిగింది. "ఏమందీ? మైరావణుడా?"

మైయరాప్, మైరావణుడు. మచ్ఛాను, మత్స్యవల్లభుడు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో తోలుబొమ్మలాట వాళ్ళు తెల్లవార్లూ ఆడిన కథ. రామలక్ష్మణుల్ని మైరావణుడు పాతాళానికి ఎత్తుకుపోతే విడిపించడానికి హనుమంతుడు వెళ్తాడు, వాకిట్లో ఒక కుర్రాడు అడ్డుపడతాడు, ఎంతకీ ఓడడు, నీ తండ్రెవరంటే హనుమంతుడంటాడు. మా తాతగారు డాబా మీద మంచాలేసుకున్న రాత్రుళ్ళు ఇదే కథ చెప్పేవారు. నేనూ విన్నాను, సగంలో నిద్రపోయాను. గైడమ్మకి మొత్తం చెప్పమంది అమ్మ. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంటూ వస్తుంటే, తర్వాత ఏం జరుగుతుందో గైడమ్మ నాకంటే ముందే చెప్పేస్తోంది. ఇద్దరి కథా ఒక్కచోటే విడిపోయింది. వాళ్ళ దాంట్లో ప్రేమ. మన దాంట్లో హనుమంతుడు సముద్రం దాటుతుంటే ఒక చెమట చుక్క జారి నీళ్ళలో పడింది, ఒక చేప మింగింది, బిడ్డ పుట్టాడు. ఆయన బ్రహ్మచర్యానికి భంగం లేదు.

"స్వెట్?" అని గైడమ్మ తన మెడ మీద వేలితో తుడిచి చూపించింది. "ఓన్లీ స్వెట్?"

"ఓన్లీ స్వెట్" అంది అమ్మ. ఆ రోజు ఆవిడ మాట్లాడిన మొదటి ఇంగ్లీషు ముక్క అది.

గైడమ్మ ఎంత గట్టిగా నవ్విందంటే కౌంటర్ల వెనక అమ్మాయిలందరూ ఇటు తిరిగారు. "మమ్మీ, బ్యాంకాక్ ఏప్రిల్, ఎవ్రీ డే ఐ హ్యావ్ హండ్రెడ్ బేబీ!" నేను అనువాదం చేసేలోపే అమ్మ కూడా నవ్వుతోంది.

గంట ఎలా అయిపోయిందో తెలియదు. చీటీ మీద స్టాంపు పడింది. రాజ్‌కోట్ వాళ్ళు ఒక ఉంగరం కొన్నారు, బేరం బాగా చేశారనే అనుకుంటున్నాను. వ్యాన్ మమ్మల్ని హోటల్ దాకా దింపలేదు. దగ్గర్లోని మాల్ ముందు దింపింది, అదీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. దిగేముందు గైడమ్మ సంచీలోంచి వేలెడంత ప్లాస్టిక్ గొట్టం తీసి అమ్మ చేతిలో పెట్టింది. యాదోమ్ అంటారు, అక్కడ అందరి చేతిలో ఉంటుంది, ఎండకి తల తిరిగితే పీలుస్తారు. నేను డబ్బులిచ్చేలోపు గొడుగు ముడిచి ముందు సీట్లో కూర్చుంది.

సాయంత్రం గదిలో ఏసీ కింద కాళ్ళు చాపుకుని అమ్మ ఆ గొట్టం మూత తీసి వాసన చూసింది. "కర్పూరం ఉందే ఇందులో" అంది. మళ్ళీ పీల్చి, మూత పెట్టి, కాసేపు సీలింగ్ వైపు చూసి,

"గంటసేపు కూర్చున్నాం, ఆవిడకి పిల్లలెంతమందో అడగనేలేదు" అంది.